కుండ చల్లదనం ఎక్కడ ఆగుతుంది?

మే నెలలో కర్నూలు, కడపల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ ఎండలోనే తడి ఇసుక మీద పెట్టిన కుండలో నీళ్లు చల్లగా ఉంటాయి. మట్టి గోడలోని సన్నని రంధ్రాల్లోంచి నీరు పైకి చెమరుస్తుంది. ఆవిరయ్యే ప్రతి గ్రామూ సుమారు 580 కెలోరీల వేడిని వెంట తీసుకుపోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే ఆవిరి అంత జోరు. కోస్తా ఉక్కపోతలో మొరాయించే కుండ సీమలో ఇంత బాగా పనిచేసేది అందుకే. (ఉప్పునీళ్ల ఊళ్లలో కొన్నాళ్లకే పైన తెల్లటి పొర కట్టి, రంధ్రాలు పూడి, చెమర్చడం తగ్గిపోతుందనుకోండి.) కానీ ఆ చల్లదనానికి గాలే హద్దు పెడుతుంది. 40 డిగ్రీల వేడి, 25 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం ఎంత మంచి కుండైనా 24 డిగ్రీల కిందికి దిగలేదు.

ఫ్రిజ్ కూడా ఇలా ద్రవాన్ని ఆవిరి చేసే చల్లబరుస్తుంది. 18వ శతాబ్దం మధ్యలో స్కాట్లండ్ వైద్యుడు విలియం కల్లెన్ గాలి తోడేసిన పాత్రలో ఈథర్‌ను ఆవిరి చేసి మంచు పుట్టించాడు. ఆ ఆవిరిని పోనివ్వకుండా పంపుతో నొక్కి, తిరిగి ద్రవంగా మార్చే యంత్రానికి జేకబ్ పెర్కిన్స్ 1834లో పేటెంటు తీసుకున్నాడు. దాంతో బయటి గాలిలోని తేమతో పని లేకుండా పోయింది. మన దేశంలో గోద్రెజ్ తన తొలి ఫ్రిజ్‌ను 1958లో తెచ్చింది.

కుండతో సరిపెట్టుకోకూడదా అంటే, నీళ్లకూ కాయగూరలకూ భేషుగ్గా సరిపెట్టుకోవచ్చు. వండిన కూరకు మాత్రం కుదరదు. 37 డిగ్రీల దగ్గర ఇ. కోలి బాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. కుండ ఇచ్చే 25 దగ్గర ఆ వ్యవధి రెండింతలు దాటుతుంది, నిజమే. అయినా రాత్రి గడిచేసరికి తొమ్మిది పదిసార్లు రెట్టింపై ఒకటి వెయ్యికి చేరువవుతుంది. వండిన పదార్థం చల్లనిదైతే 5 డిగ్రీల లోపు, వేడిదైతే 60 పైన ఉండాలని ఆహార భద్రతా నియమాలు చెప్పేది ఇందుకే. తాతల కాలంలో ఫ్రిజ్ ఉందా అని అడిగేవారుంటారు. వాళ్లు పూటకు పూట సంగటి కెలుక్కున్నారు, జొన్నరొట్టె కాల్చుకున్నారు. చద్దన్నాన్ని పులుపే కాపాడింది. ఆ పులుపు ఎక్కకముందు, బయట వదిలేసిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు మొలకెత్తవచ్చు. అవి ఉడుకును తట్టుకున్నవే. వాటిలో కొన్ని వదిలే విషం, మర్నాడు అన్నాన్ని ఎంత వేడి చేసినా పోదు. ఇక ఫ్రిజ్ క్రిములను చంపుతుందనుకోవడమూ పొరపాటే, నెమ్మదింపజేస్తుందంతే. లిస్టీరియా అనే బాక్టీరియా 4 డిగ్రీల దగ్గరా పెరుగుతుంది. పులుసును పెద్ద గిన్నెతో అలాగే లోపల పెట్టేస్తే, అంచులు చల్లబడినా నడిమి భాగం గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. వెడల్పాటి పళ్లేల్లో పలచగా పోసి పెడితే వేడి త్వరగా దిగుతుంది.