వార్తల్లో పదం: వర్చువల్ టోకెన్
పేరు, పుట్టిన తేదీ బయటపెట్టకుండా వయసును మాత్రమే రుజువు చేయగల డిజిటల్ చీటీ ఇది. పదహారేళ్లలోపు పిల్లలకు ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి సోషల్ మీడియా ఖాతాలు ఆపేశాక, మన రాష్ట్రంలోనూ ఆ చర్చ మొదలై ఈ మాట వినిపిస్తోంది.

పుంగనూరులో ‘ఏ’ సర్టిఫికెట్ సినిమాకి వెళ్తే గేటు దగ్గర మనిషి మొహం చూసి వయసు అంచనా వేస్తాడే తప్ప ఇంటి నంబరు రాసుకోడు. అదే ఒక యాప్‌కు వయసు రుజువుగా ఆధార్ కాపీ ఇస్తే చిరునామా, ఫొటో అన్నీ దాని చేతిలో పడతాయి. టోకెన్ పద్ధతిలో డిజీలాకర్ లాంటి సేవ ‘18 నిండాయి’ అని మాత్రం చెప్పి ఊరుకోవచ్చు.

2025 నవంబరులో కేంద్రం ప్రకటించిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ నిబంధనల ప్రకారం 18 ఏళ్లలోపు వారి డేటా వాడాలంటే తల్లి లేదా తండ్రి అనుమతి కావాలి. అనుమతి ఇచ్చింది పెద్దవాళ్లేనని తేల్చడానికి ఈ టోకెన్ చెల్లుతుంది. అమలుకు 18 నెలల గడువిచ్చారు.

చిక్కల్లా ఇక్కడే. పెద్దవాళ్లని టోకెన్ చెప్పగలదు గానీ, అమ్మానాన్నలని చెప్పలేదు. మదనపల్లెలోనో కుప్పంలోనో ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉంటే, సిమ్ము నాన్న పేరున, లాక్ నంబరు పిల్లాడి నోట. ఓటీపీ వచ్చేదీ ఆ ఫోనుకే.