మా పెరట్ల పువ్వులు, పురుగుల ఫోటోలు తీసిన విధానం



ఉగాది సెలవులకు ఇంటికి పోయినప్పుడు అన్న ఫోన్‌తో పెరట్ల పువ్వులను, వాటి మీద వాలే పురుగులను ఫోటోలు తీసినాను. బాగా వచ్చిన నాలుగు జహీరాబాద్ బస్టాండు కాడ ప్రింటు తీయించి ఈ పక్కన అంటించినాను. దయచేసి వేళ్ళతో ముట్టవద్దు.

మొదటి రోజు తీసినవి ఒక్కటి కూడా మంచిగ రాలేదు. అన్నీ మసక మసక. ఎందుకంటే నేను ఫోన్‌ను పువ్వులకు తీసుకపోయి పెట్టినాను. మన కన్ను ముందర వేలు మరీ దగ్గర పెట్టుకుంటే మసకగ కనబడుతది కదా, ఫోన్ అద్దానికి కూడా అంతే. జానెడు దూరంల పట్టుకొని, తెర మీద పురుగు ఉన్న చోట వేలితో తట్టి, అది స్పష్టంగ అయినాక తీయాలి. తర్వాత పెద్దగ చేసుకోవచ్చు. మన నీడ పురుగు మీద పడితే అది లేచిపోతది. తేనెటీగ వెంట ఉరికితే ఏమీ దొరకదు. పువ్వు కాడ కూర్చుంటే అదే వస్తది. పొద్దున ఏడు గంటలప్పుడు మంచిది. చల్లదనానికి పురుగుల ఒళ్ళు ఇంకా వేడెక్కదు, మెల్లగ కదులుతయి. మధ్యాహ్నం ఎండకు పసుపు పువ్వు తెల్లగ మెరిసిపోతది.

ఇంకొక మాట. మన జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌ల డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉన్నది. అక్కడి సంఘం ఆడవాళ్ళు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నరు. వారిలో చాలామంది దళిత స్త్రీలు, బడికి పోనివారు. మాచునూరుల 2008 అక్టోబర్ 15న మొదలైన సంఘం రేడియో కూడా వాళ్ళదే. వాళ్ళు ఫోటో కోణాలకు తమ పేర్లే పెట్టుకున్నరు. పై నుంచి కిందికి చూసి తీస్తే పటేల్ షాట్. దొర మనల్ని అట్లనే చూస్తడు కదా! కింద నుంచి పైకి తీస్తే జీతగాడు దొరను చూసినట్టు. కండ్లకు కండ్లు సమంగ పెట్టి తీస్తే సంఘం షాట్. నేను మొదట తీసినవన్నీ పటేల్ షాట్లే. పురుగుల వీపులు తప్ప ఏమీ లేవు. తర్వాత నేల మీద బోర్ల పడుకొని సంఘం షాట్ తీసినాను. అప్పుడు చీమ మొహం కూడా కనబడ్డది. లంగాకు బురద అయిందని యాడి తిట్టింది.

ఇప్పుడు అసలు సంగతి. స్నానాల నీళ్ళు పోయే కాడ మా గుమ్మడి తీగ ఉన్నది. పువ్వులు చాలా పూస్తయి, కాయ ఒక్కటి నిలబడదు. చిన్న పిందె పసుపు పచ్చగ అయి రాలిపోతది. "ఇది గొడ్డు తీగ, పీకేద్దాం" అన్నడు బాపు. గుమ్మడికి మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. సన్నని కాడ ఉన్నది మగది, కింద చిన్న గుండ్రని పిందె ఉన్నది ఆడది. రెండో ఫోటో, మూడో ఫోటో పక్కపక్కన చూడండి. మగ పువ్వు పుప్పొడి జిగటగ, బరువుగ ఉంటది, గాలికి పోదు. తేనెటీగనే మోయాలి. పువ్వు తెల్లవారుజామున విచ్చి, ఎండ ముదరక ముందే ముడుచుకుంటది. అంత లోపలే పని అయిపోవాలె.

నేను మూడు రోజులు ఆ పువ్వుల కాడనే కూర్చొని ఫోటోలు తీసినాను. చీమలు వచ్చినయి, చిన్న పెంకు పురుగు వచ్చింది. తేనెటీగ ఒక్కటి రాలేదు. పక్క మడిల వంకాయలకు పురుగు పట్టిందని బాపు పొద్దున పూటనే మందు కొడుతున్నడు. ఈగలు తిరిగే గంట కూడా అదే. ఆ మందు వల్లనే రాలేదని నేను ఒట్టు పెట్టి చెప్పలేను గాని, వేరే కారణం నాకు తోచలేదు. బాపుకు ఫోటోలు చూపించి చెప్పినాను. మొదట కోపానికి వచ్చిండు, "మందు కొట్టకుంటే వంకాయ ఎవరు కొంటరు?" అన్నడు. అది కూడా నిజమే. కాసేపటికి "సాయంత్రం కొడితే ఏమైతది?" అని తనే అడిగిండు. సాయంత్రానికి ఈగలు తుట్టెకు పోతయి కాబట్టి కొంత నయం అని చెప్పినాను.

వచ్చే ముందు రోజు పొద్దున మగ పువ్వు తెంపి, రెక్కలు తీసేసి, దాని పుప్పొడిని నాలుగు ఆడ పువ్వులకు నేనే అద్దినాను. గుర్తుకు ఎర్ర దారం కట్టినాను. బాపు తీగ పీకలేదు. మొన్న ఆదివారం ఫోన్‌ల యాడి చెప్పింది, రెండు పిందెలు రాలినయంట, రెండు నిమ్మకాయంత అయినయంట.

- 9వ తరగతి విద్యార్థిని