కంప్యూటరు మార్గదర్శినులు - అధికారివిచారము

కంప్యూటరునందు వాడఁబడు సాఫ్టువేరునకుఁ దోడుగా వ్రాయఁబడు మార్గదర్శినియు నొకవిధమగు వ్యాఖ్యానమే. గ్రంథారంభమున విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి యను ననుబంధచతుష్టయమును నిర్ణయించుట మన శాస్త్రకారుల సంప్రదాయము. ఇప్పటి మార్గదర్శినులు పెక్కింట విషయము పుష్కలముగా నున్నది గాని యధికారి విచారింపఁబడలేదు. తెలిసినవాఁడు తెలిసినవానికి వ్రాసికొన్నట్లుండును.

ఉదాహరణమునకు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో 'స్త్రీ' శబ్దమును వ్రాయవలె ననుకొందము. చేవ్రాతలో మనము సకారమునకు గుడిదీర్ఘము నిచ్చి, పిదపఁ గ్రింద వత్తులను జేర్తుము. యంత్రమున కీక్రమము పనికిరాదు. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పునుండియుఁ దెలుఁగున కుచ్చారణక్రమమే ప్రమాణము. కావున సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, తుదను గుడిదీర్ఘము - అనఁగా ఎమ్, డి, ఎల్, డి, జె, ఆర్ అను నాఱు మీటల నీవరుసనే నొక్కవలెను. గుడిదీర్ఘమును ముందు నొక్కినచోఁ దకారము వత్తుగా మాఱక వేఱుగా నిలుచును. "వత్తు కావలసినచో డి మీటను నొక్కుఁడు" అని మాత్రము చెప్పిన మార్గదర్శిని యసత్యము పలుకలేదు. అయినను జదువరి లోపము తన తెలివిదే యనుకొని, నలువదియేండ్లు పాఠము చెప్పిన పండితుఁడైనను, కీబోర్డును మూలఁ బెట్టును. అతనివద్దనున్న వ్రాఁతప్రతులు నట్లే మూలఁబడును. "లేఖనక్రమమునఁ గాక వర్ణక్రమమున నొక్కుఁడు" అను నొక్కవాక్య మున్నచో బడిపిల్లలకు వర్ణక్రమము నేర్పు నుపాధ్యాయునికి వేఱు బోధ యక్కఱలేదు.

పాణిని సుమారు 4000 సూత్రములలో శాస్త్రమంతయు నిమిడ్చెను. పూర్వసూత్రమునందలి పద ముత్తరసూత్రమున ననువర్తించుట యాలాఘవమునకు ముఖ్యసాధనము. సూత్రపాఠము కంఠస్థమైనవాని కది సుకరము. మార్గదర్శినిని నడుమఁ దెఱచి, "పిదప దాని నెన్నుకొనుఁడు" అని చదువువాఁడు 'దానిని' అనఁగా దేనినని గ్రహించును? ఇచటఁ బునరుక్తి దోషము గాదు.

పర్యాయపదములును నట్టివే. ఒకచోట ఫైలు, ఒకచోట దస్త్రము, మఱియొకచోటఁ బత్రము అన్నచోఁ గ్రొత్తవాఁడు మూఁడు వస్తువులకై వెదకును. (ఈ చాపల్యము మాబోఁటి పండితులకే మెండు.) తెరపై 'సేవ్' అనియున్నప్పుడు 'భద్రపఱచు మీట' యని వ్రాయుట భాషాభిమానమే గాని చదువరి కుపకారము గాదు.

అపవాద ముత్సర్గమున కంటియే యుండవలెను. పొల్లుపై వచ్చు హల్లు వత్తగునను నియమముచే 'రాజ్‌కుమార్' అనుచోటఁ గకారము జకారమునకు వత్తై 'రాజ్కుమార్' అగును. దాని నాపుటకు జీరో విడ్త్ నాన్ జాయినర్ అను, కంటికిఁ గనఁబడని సంకేతము నడుమఁ జేరవలెను. ఈవిషయమును గ్రంథాంతమునందలి యనుబంధమునఁ బెట్టినచో, నప్పటికే చదువరి పేరును దప్పుగా వ్రాసియుండును.

ఇట్టివి కూర్చువారు ప్రకటనమునకు ముందు యంత్ర మెఱుఁగని యొకనికిఁ బ్రతి నిచ్చి, తాము నోరు మెదపక ప్రక్కనుండి, యతఁ డెచట నాగునో గుర్తించి యావాక్యమును దిద్దుట మంచిది.