పసిబిడ్డను ఎట్లు పరుండబెట్టవలెను?

గత మాఘమాసమున ధ్వనిముద్రణకై సత్తెనపల్లి ప్రాంతపు మిరపచేలకు పోయియుంటిమి. గట్టుమీది వేపచెట్టుకు పాతచీరతో ఉయ్యాల కట్టియున్నది. ఎండ తగులకుండ పైన చెంగు కప్పినారు. లోపల మూడు నెలల బిడ్డ. తల్లి దూరపు సాలులో కాయ కోయుచున్నది. తొంగిచూచితిని. బిడ్డ గడ్డము రొమ్మున కంటుకొనియున్నది. ముక్కు గుడ్డ మడతలో చిక్కుకొన్నది. మడత తొలగించి తల సరిచేసితిని. బిడ్డ ఒక్క తుమ్ము తుమ్మి మరల నిద్రపోయినది. జరిగిన దింతే కాని, ఈ ప్రసంగమునకు అదియే కారణము.

పాలు త్రాగి హాయిగా పరుండిన శిశువు నిద్రలోనే ప్రాణము విడుచుట తరతరములుగా లోకమెరిగినదే. గాలి సోకినదనిరి, దృష్టి తగిలినదనిరి, తల్లినే నిందించిరి. శవపరీక్ష చేసిన పిమ్మట గూడ కారణము కానరానిచో దానిని శిశు ఆకస్మిక మరణముగా ఎంచవలెనని 1969లో అమెరికాలో కూడిన వైద్యులు నిర్ణయించిరి. ఈ భయము తొలి ఆరు నెలలలో, అందును రెండవ నెల మొదలు నాలుగవ నెల వరకు హెచ్చు.

పాశ్చాత్య దేశములలో కొన్ని దశాబ్దములపాటు బిడ్డలను బోర్ల పరుండబెట్టుట వాడుకయైనది. అందు ప్రమాదము గలదని తేలగా 1991లో న్యూజీలాండు, బ్రిటను, 1994లో అమెరికా ‘వెల్లకిల పరుండబెట్టుడు’ అని ప్రచారము సాగించినవి. అమెరికాలో కొలది సంవత్సరములలోనే ఇట్టి మరణములు సుమారు సగమునకు తగ్గినవి. ఈ ఒక్క సంగతిలో మన ముసలమ్మలే ముందున్నారని చెప్పుటకు నాకు సంతోషముగా నున్నది.

వెల్లకిల నున్న బిడ్డకు కక్కిన పాలు పొలమారునేమో యని కొందరి శంక. వెల్లకిల పరుండినప్పుడు గాలిగొట్టము పైన, అన్నవాహిక క్రింద నుండును. వచ్చిన పాలు పైకెక్కి గాలిగొట్టమున పడుట కష్టము. బోర్ల పరుండినప్పుడు ఈ అమరిక తలక్రిందగును. బిడ్డ తనంత బోర్లపడిననాడు బొబ్బట్లు వండుకొనుడు. అటునిటు తానే తిరుగగలిగిన తరువాత రాత్రి లేచి మరల త్రిప్పనక్కరలేదు. పరుండబెట్టునప్పుడు మాత్రము వెల్లకిలనే.

మనకు చిక్కు మరియొక చోట నున్నది. పత్తి పండు సీమ మనది. మెత్తని పడకకు కొదువలేదు. బూరుగుదూది దిండు, మందపు బొంత, తల గుండ్రనగుటకు ఆవాల దిండు, ప్రక్కకు రెండు చిన్న దిండ్లు. ముఖము వానిలో కూరుకొన్నచో త్రిప్పుకొను బలము ఆ పసి మెడకు లేదు. నులకమంచము కుంగినను ఇదే గతి. చదునైన గట్టి చోట చాప, దానిపై బిగువుగా పరచిన దుప్పటి చాలును. తల ఒకవైపు అణగునను బెంగయున్నచో, మేలుకొన్నవేళ మీ కన్నులయెదుట కొంతసేపు బోర్ల ఆడించుడు. తల్లి గదిలోనే, చేతికందునంత దూరమున, వేరు పడకపై బిడ్డ నుంచుట మేలు. చనుబాలు రక్షణనిచ్చును.

పొగ మాటయు చెప్పవలెను. పొగాకు పండు ఊళ్ళలో ఇది వినసొంపుగా నుండదు. గర్భిణి ప్రక్కగాని, పసిబిడ్డ యున్న ఇంటగాని కాల్చిన చుట్ట ఈ ప్రమాదమును పెంచును. త్రాగి వచ్చినవారి ప్రక్కన బిడ్డను పరుండబెట్టరాదు. బాలింత గది తలుపులు బిగించి బొగ్గుల కుంపటి నుంచుట వేరొక అపాయము. దాని విషవాయువు తల్లిని, బిడ్డను గూడ తీసికొనగలదు.

ఆ వేపచెట్టు క్రింద నేనీ సంగతులు చెప్పగా ఆ తల్లి, “కింద పడుకోబెడితే చీమలు, కుక్కలు బాబూ! ఏం చెయ్యమంటారు?” అని అడిగినది. ఆమె మాట న్యాయమే. చెంగు ముఖముపై కప్పక నీడయున్న కొమ్మ చూచుకొమ్మనియు, బిడ్డ గడ్డము క్రిందికి వంగకుండ మాటిమాటికి చూడుమనియు చెప్పితిని. కాని చూచుటకు చేయి ఖాళీయేది? ఆరేండ్ల లోపు బిడ్డలు అయిదుగురున్నచో వారిని కనిపెట్టుకొనుటకు ఒక స్త్రీని నియమించి కూలి ఇవ్వవలెనని 2005 నాటి ఉపాధి హామీ చట్టమున వ్రాసిరి. అది ప్రభుత్వపు పనులకు. మిరపకోతకు ముప్పదిమందిని పిలుచు రైతు సోదరులు గట్టుమీద ఒక పెద్దమ్మను కూర్చుండబెట్టి ముప్పదియొకటవ కూలి ఇచ్చినచో, ఈ ఏటి కోతలకే అది సాధ్యము.