మీకు తెలుసా? పలకని పెడల్‌కు నాడి ఎక్కడ దొరుకుతుంది?

ఎల్బీ నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠి గుజరాతీ గల్లీ చేరొచ్చు; ఎలక్ట్రానిక్స్ విడిభాగాలకు అది పెట్టింది పేరు. ఇంట్లో చేసిన గిటార్ ఓవర్‌డ్రైవ్ పెడల్ మూగబోయిందని కొత్త ఐసీ కోసం వెంటనే అటు పరుగెత్తకండి.

ముందు మల్టీమీటర్ తీయండి. 9 వోల్టుల ట్యూబ్ స్క్రీమర్ తరహా సర్క్యూట్‌లో 4558 ఐసీ 1, 7 కాళ్ల దగ్గర సుమారు 4.5 వోల్టులు చూపాలి. సున్నాకో తొమ్మిదికో అతుక్కుపోతే బయాస్ తప్పినట్టే. అది బాగుంటే, ఆంప్లిఫయర్‌కు వెళ్లే వైరు కొసకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ అతికించి, గిటార్ మీటుతూ ఇన్‌పుట్ నుంచి ఒక్కో చోటా తాకించండి. శబ్దం ఆగిన చోటే దోషం.

అడాప్టర్ సంగతీ చూడండి: చాలా పెడళ్లలో నడిమి పిన్ను నెగటివ్!