వస్తువు కింది నీడ: కంప్యూటర్ చిత్రాల్లో వాస్తవికత

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• నీడ వస్తువు స్థానాన్ని ఎలా తెలియజేస్తుందో వివరించగలుగుతారు.
• నీడ అంచు ఎంత మెత్తగా ఉండాలో లెక్కించగలుగుతారు.
• వస్తువు గాలిలో తేలుతున్నట్లు కనిపించడానికి కారణాలను గుర్తించి, సరిచేయగలుగుతారు.

1. పరిచయం

కంప్యూటర్‌లో ఒక స్టీలు గ్లాసును తయారుచేసి, దానిని ఒక బల్ల ఫోటోపై ఉంచారనుకుందాం. ఆకారం, రంగు, మెరుపు అన్నీ సరిగానే ఉన్నాయి. అయినా గ్లాసు బల్లపై ఆనినట్లు లేదు. అతికించిన బొమ్మలా ఉంది. లోపం గ్లాసులో లేదు. దాని కింద ఉండవలసిన నీడలో ఉంది.

చిత్రానికి లోతు ఉండదు. అందువల్ల ఒక వస్తువు దూరంగా నేలపై ఉందా, దగ్గరగా గాలిలో ఉందా అనేది దాని ఆకారాన్ని బట్టి మాత్రమే తేల్చలేం. డేనియల్ కెర్‌స్టెన్, పాస్కల్ మమాసియాన్, డేవిడ్ నిల్ 1997లో ప్రచురించిన పరిశోధన దీనిని స్పష్టం చేసింది. పెట్టెలో కదిలే బంతి చిత్రాలను వారు చూపించారు. తెరపై బంతి నడిచే దారి ప్రతిసారీ ఒక్కటే. నీడ బంతిని అంటిపెట్టుకుని కదిలినప్పుడు బంతి పెట్టె అడుగున వెనక్కు జారినట్లు, నీడ బంతికి దూరమైనప్పుడు బంతి పైకి లేచినట్లు చూసేవారికి తోచింది. మారింది నీడ మాత్రమే.

2. నీడ అంచు

బిందువంత చిన్న కాంతి జనకం పదునైన అంచు గల నీడను ఇస్తుంది. నిజమైన దీపాలకు వెడల్పు ఉంటుంది. దీపం పూర్తిగా మరుగుపడిన భాగాన్ని ప్రచ్ఛాయ అనీ, కొంత మాత్రమే మరుగుపడిన భాగాన్ని పాక్షిక ఛాయ అనీ అంటారు. నీడ అంచు మెత్తగా కనిపించడానికి పాక్షిక ఛాయే కారణం. దాని వెడల్పును సుమారుగా ఇలా లెక్కించవచ్చు:

పాక్షిక ఛాయ వెడల్పు = దీపం వెడల్పు × (వస్తువు అంచు నుంచి నేలకు దూరం ÷ దీపం నుంచి వస్తువు అంచుకు దూరం)

ఉదాహరణ: 20 సెం.మీ. వెడల్పు గల దీపం నేలకు 200 సెం.మీ. ఎత్తులో ఉంది. వస్తువు అంచు నేలకు 10 సెం.మీ. ఎత్తులో ఉంటే పాక్షిక ఛాయ 20 × 10 ÷ 190, అంటే దాదాపు 1 సెం.మీ. అంచు 100 సెం.మీ. ఎత్తులో ఉంటే 20 × 100 ÷ 100 = 20 సెం.మీ. నేలను తాకే చోట అది సున్నా.

దీన్నిబట్టి ఒక ముఖ్య నియమం తెలుస్తుంది. నీడ వస్తువు మొదలు దగ్గర పదునుగా ఉండి, దూరం పెరిగేకొద్దీ మెత్తబడాలి. నీడ అంతటినీ ఒకే స్థాయిలో మసకబారిస్తే వస్తువు నేలను వదిలి లేచినట్లు కనిపిస్తుంది.

3. తాకే చోటి చీకటి

మబ్బు పట్టిన రోజున స్పష్టమైన నీడ పడదు. అయినా గ్లాసు అడుగున సన్నని చీకటి గీత ఉంటుంది. అన్ని దిక్కుల నుంచి వచ్చే పరిసర కాంతి ఆ ఇరుకు సందులోకి చేరలేకపోవడమే దీనికి కారణం. దీనిని లెక్కించే పద్ధతిని యాంబియంట్ అక్లూజన్ అంటారు. ఈ చీకటిని పరిసర కాంతికి మాత్రమే వర్తింపజేయాలి. నేరుగా పడే కాంతిని కూడా దీనితో తగ్గిస్తే మూలలు మసి పూసినట్లు తయారవుతాయి.

4. లెక్కించే పద్ధతులు

షాడో మ్యాప్: లాన్స్ విలియమ్స్ 1978లో ఈ పద్ధతిని ప్రతిపాదించారు. ముందుగా దీపం ఉన్న చోటు నుంచి దృశ్యాన్ని చూసి, ఒక్కో దిశలో అన్నిటికన్నా దగ్గరి ఉపరితలం ఎంత దూరంలో ఉందో నమోదు చేస్తారు. తరువాత కెమెరాకు కనిపించే బిందువు అంతకన్నా దూరంగా ఉంటే, అది నీడలో ఉన్నట్లు. ఇది వేగవంతమైన పద్ధతి.

రే ట్రేసింగ్: ప్రతి బిందువు నుంచి దీపం వైపు కిరణాలను పంపి, అడ్డు ఉందో లేదో చూస్తారు. దీపంపై వేర్వేరు చోట్లకు అనేక కిరణాలను పంపితే మెత్తని అంచు దానంతట అదే వస్తుంది. కుక్, పోర్టర్, కార్పెంటర్ 1984లో ఈ మార్గాన్ని చూపారు. కిరణాలు చాలకపోతే నీడలో చుక్కలు కనిపిస్తాయి.

5. సాధారణ దోషాలు

• ఉపరితలంపై చారలు: షాడో మ్యాప్‌లో దూరాల నమోదు పరిమితంగా ఉండటం వల్ల ఉపరితలం తనపై తానే నీడ వేసుకుంటుంది. దీనిని నివారించడానికి పోలికలో బయాస్ అనే చిన్న విలువను కలుపుతారు.
• మొదలు నుంచి విడిపోయిన నీడ: బయాస్ ఎక్కువైతే ఇలా జరుగుతుంది. తన నీడను పోగొట్టుకున్న కథానాయకుని పేరిట దీనిని పీటర్ ప్యానింగ్ అంటారు.
• నల్లని నీడ: ఆరుబయట సూర్యకాంతికి అడ్డు వచ్చినా ఆకాశపు కాంతి అందుతూనే ఉంటుంది. కాబట్టి నీడ కాస్త నీలి ఛాయలో ఉంటుంది. నలుపును పూయకుండా నేల రంగును మల్టిప్లై పద్ధతిలో తగ్గిస్తే, నేలలోని గీతలు, గరుకుదనం నీడలోనూ కనిపిస్తాయి.

6. సారాంశం

వస్తువు ఎక్కడ ఉందో చెప్పేది నీడ. తాకే చోట చీకటి, మొదట పదును, దూరంలో మెత్తదనం, నేల రంగుకు తగిన ఛాయ: ఈ నాలుగూ కుదిరితే వస్తువు నేలపై నిలుస్తుంది.

చేసి చూడండి

ట్యూబ్‌లైటు కింద ఒక పెన్సిలును బల్లకు కొంత ఎత్తులో, మొదట ట్యూబుకు సమాంతరంగా, తరువాత అడ్డంగా పట్టుకోండి. ఏ స్థితిలో నీడ అంచు పదునుగా ఉంది? 2వ విభాగంలోని సూత్రంలో దీపం వెడల్పుగా ఏ కొలతను తీసుకోవాలో ఆలోచించి, కారణం రాయండి.