బీరు ట్యాంకు నుంచి కొబ్బరి చెట్టు కిందికి: గీత బాబాయ్ అడిగిన ఒక్క ప్రశ్న

పైన ఉన్న వీడియోలో ముందు స్టీలు ట్యాంకులు, ఆ తర్వాత మా రాజోలు వైపు కొబ్బరి తోట కనిపిస్తాయి. "ప్రకృతి వ్యవసాయం అని చెప్పి బీరు తయారీ చూపిస్తున్నావేంటి?" అని ఇప్పటికే ఇద్దరు ఫోన్ చేసి అడిగారు. తాగమని చెప్పడానికి కాదండి. పులియడం అనే పని మన జీవామృతం డ్రమ్ములోనూ, ఆ ట్యాంకులోనూ, కల్లు ముంతలోనూ ఒకటే. ఆ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే నా తోటలో నేను చేసిన తప్పు ఒకటి బయటపడింది. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ట్యాంకుల దగ్గర చూసింది

పోయిన ఏడాది పని మీద హైదరాబాద్ వెళ్లినప్పుడు మా మేనల్లుడు ఒక మైక్రో బ్రూవరీకి తీసుకెళ్లాడు. అంటే బీరు అక్కడే తయారుచేసి, అక్కడే అమ్మే చోటు. తెలంగాణలో 2015లో వీటికి నిబంధనలు వచ్చాక ఒక్కొక్కటిగా పెరిగాయి. తయారుచేసే కుర్రాడు ఓపిగ్గా అన్నీ చూపించాడు.

బార్లీ గింజని నానబెట్టి, మొలక రానిచ్చి, ఆరబెడతారు. దాన్నే మాల్ట్ అంటారు. మొలక వచ్చినప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండి పదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఆ మాల్ట్‌ని మర పట్టి, వేడినీళ్లలో ఉంచి, తీపి నీరు తీసి, హాప్స్ అనే పువ్వు వేసి కాస్తారు. చేదు దాని నుంచే వస్తుంది, త్వరగా పాడవకుండా కాపాడేదీ అదే. చల్లార్చాక ఈస్ట్ కలుపుతారు. ఈస్ట్ చక్కెరని తిని ఆల్కహాల్, బొగ్గుపులుసు వాయువు వదులుతుంది.

బీరులో రకాలు ఎందుకు వస్తాయో అక్కడ అర్థమైంది. ఈస్ట్ 20 డిగ్రీల దగ్గర పనిచేస్తే ఏల్. పది డిగ్రీల చలిలో నిదానంగా పనిచేసే వేరే ఈస్ట్ అయితే లాగర్. నల్లగా మాడేలా వేయించిన బార్లీ వేస్తే స్టౌట్, దానికి కాఫీ పొడి వాసన. గోధుమ కలిపిన రకం మూతి దగ్గర పెట్టుకుంటే మాగిన అరటిపండు వాసన కొట్టింది. "అరటి ఎసెన్స్ వేశారా?" అని అడిగాను. "లేదు సార్, ఆ వాసన పుట్టించేది ఈస్టే" అన్నాడు. అరటి పండించే మాకు ఈ సంగతి తెలియదు!

బయట పిండేసిన బార్లీ పిప్పి బస్తాలు ఉన్నాయి. పాడి రైతులు పశువుల దాణాకి పట్టుకెళ్తారట. అది చూసి కొంచెం మనసు కుదుటపడింది.

బ్రస్సెల్స్‌లో గాలి, కోనసీమలో ముంత

ఆ కుర్రాడే ఇంకో మాట చెప్పాడు. బెల్జియంలో బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ అనే పాత రకం బీరు ఉంది. దానికి ఈస్ట్ కొని కలపరు. కాచిన నీటిని చలికాలం రాత్రి లోతు తక్కువ తొట్టెలో మూత లేకుండా వదిలేస్తారు. గాలిలోనూ ఆ పాత కట్టడంలోనూ ఉన్న సూక్ష్మజీవులు వచ్చి చేరతాయి. తర్వాత చెక్క పీపాల్లో ఏడాది నుంచి మూడేళ్ల దాకా ఉంచుతారు. ప్రపంచంలో దాన్ని గొప్పగా చెప్పుకుంటారట.

నాకు నవ్వొచ్చింది. మా ఊళ్లో గీత కార్మికుడు రోజూ చేసేది ఇదే కదా! కల్లుకి ఎవరూ ఈస్ట్ కలపరు. కోసిన గెల చివర, గాలి, ఈగలు, నిన్నటి ముంత అడుగున మిగిలిన తడి, వీటి నుంచే సూక్ష్మజీవులు వస్తాయి. మన అమ్మమ్మల తరవాణి కుండ కూడా అంతే. అంతర పంటగా కోకో వేసినవాళ్లు గింజల్ని అయిదారు రోజులు పులియబెట్టడమూ అంతే. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి వేసి 48 గంటలు నీడలో ఉంచే జీవామృతం ఆ కుటుంబానిదే. బెల్లం సూక్ష్మజీవులకి తిండి, గట్టు మట్టి తోడు. పాలకి పెరుగు తోడు వేసినట్టు.

చెట్టు దగ్గర జరిగింది

ఊరికొచ్చాక నాకో ఆలోచన. కాయ ధర పడిపోయిన ఏడాది దింపు కూలీ, ఒలుపు కూలీ పోగా మిగిలేది మనందరికీ తెలుసు. నీరా తీయిస్తే? నీరా అంటే పులియని కొబ్బరి రసం. మంచి చెట్టు రోజుకి రెండు లీటర్ల దాకా ఇవ్వగలదు. పోషణ బట్టి, కాలం బట్టి తగ్గుతుంది. కిలో బెల్లానికి ఇంచుమించు ఏడెనిమిది లీటర్లు కావాలి. కాసర్‌గోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ వాళ్లు ఐసు పెట్టిన పెట్టెలో రసం పట్టే పద్ధతి తయారుచేసి, ఆ రసానికి కల్పరస అని పేరు పెట్టారు. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచారు, అక్కడ తాటి, ఈత నీరా. మన వైపు తాటి నీరా మీద రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానం పనిచేస్తోంది.

మా ఊరి గీత బాబాయ్‌ని తోటకి పిలిచాను. అరవై దాటాయి. మోకు, గీత కత్తి ఇంకా దించలేదు. కొడుకులిద్దరూ గల్ఫ్‌లో ఉన్నారు. చెట్టు కింద నిలబడి ఆయన పని చెబుతుంటే వీడియో తీశాను. విచ్చుకోని పూగెలని తాడుతో బిగించి కట్టాలి. రోజూ మెల్లగా తట్టాలి, చివర సన్నగా కోయాలి. వారం పది రోజులకి గాని రసం దిగదు. దిగాక పొద్దున్నా సాయంత్రం కోత పెట్టాలి. నీరా కావాలంటే ముంత శుభ్రంగా కడిగి లోపల సున్నం రాయాలి. సున్నం ఉంటే సూక్ష్మజీవులు పని చేయలేవు. రాయకపోతే కొన్ని గంటల్లోనే కల్లు, రెండు రోజులు దాటితే వెనిగర్ దారి.

అంతా చెప్పి, చెట్టు మీద చెయ్యి వేసి అడిగారు.

"ఈ చెట్లకి మందేమైనా ఎట్టారా అండి?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మూడేళ్లుగా జీవామృతం పోస్తున్నవాడినే. కానీ అంతకు రెండు నెలల ముందు ఆకుతేలు కనబడితే భయపడ్డాను. గట్టు వైపు నాలుగు చెట్లకి వేరు ద్వారా పురుగుమందు పెట్టించాను. ఎవరికీ చెప్పలేదు. మీకూ చెప్పలేదు.

"ఎట్టానండి బాబాయ్, ఈ నాలుగిటికి" అన్నాను.

ఆయన మోకు భుజాన వేసుకున్నారు. "ఆయ్, అయితే ఈటిని గియ్యనండి. పురుగు ఆకు తింటే సచ్చిందంటే, ఆ మందు చెట్టు రసంలోనే కదండి ఉండేది. మనం తీసేదీ ఆ రసమే. మొదటి ముంత నేనే తాగి చూస్తాను" అన్నారు.

నాకు తెలియని శాస్త్రం కాదది. వేరుకి పెట్టిన మందు చెట్టంతా పాకుతుంది కాబట్టే, పెట్టాక 45 రోజుల దాకా కాయ కోయొద్దని శాస్త్రవేత్తలు చెబుతారు. కాయకి గడువు చెప్పారు. రోజూ కారే రసానికి ఎన్నాళ్లు అని నేను ఎక్కడా అడగలేదు. ఆ చెట్ల కింద నిలబడి నీరా బాటిల్ మీద "ప్రకృతి సేద్యం" అని స్టిక్కర్ ఎలా ఉండాలో ఆలోచించినవాడిని నేను.

2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అక్కడ ముంతలో మందు కలిపినవాళ్లని తిట్టుకున్నాం. చెట్టు వేరులో మందు పెట్టి పైన ముంత కడితే మనమూ ఆ దారిలో అడుగు వేసినట్టే.

ఇప్పుడు ఏం చేస్తున్నాను

చెట్లన్నిటికీ నంబర్లు వేశాను. ఏ చెట్టుకి ఏ తేదీన ఏం వేశానో నోటుబుక్కులో రాస్తున్నాను. ఆ నాలుగు చెట్లూ కాయకే. మళ్లీ ఆకుతేలు వస్తే ముందు అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లని కలిసి, మిత్ర పురుగులు, వేప మందు సంగతి అడిగాకే ఏదైనా.

నీరా మీద ఆశ ఉన్న మిత్రులకి మూడు మాటలు. ఒకటి, మన చెట్టే కదా అని గీయించకూడదు. ఎక్సైజ్ శాఖ అనుమతి కావాలి, నీరాకైనా సరే ముందు అడిగి తెలుసుకోండి. రెండు, గీసిన గెలకి కాయ రాదు. కాయ మీద వచ్చేదీ రసం మీద వచ్చేదీ పక్కపక్కన రాసి లెక్క చూసుకోండి. మూడు, ఐసు పెట్టె కొనొచ్చు, బాటిల్ కొనొచ్చు. రోజుకి రెండుసార్లు చెట్టెక్కే మనిషి దొరకడమే కష్టం. మా ఊళ్లో ఆ పని తెలిసినవాళ్లలో బాబాయ్ కన్నా చిన్నవాళ్లు ఎవరూ లేరు.

ఆయన మొన్న మళ్లీ వచ్చారు. నోటుబుక్కు చూపించాను. చదువు రాదు గాని పేజీలు తిప్పి చూశారు. "నంబర్లు చెట్టు మీద కూడా రాయండి, నాకు అదైతే తెలుస్తది" అన్నారు. ఆ సాయంత్రమే సున్నంతో రాశాను. వీడియో చివర్లో కనబడే తెల్ల అంకెలు అవే.